పెన్‌డ్రైవ్ అన్ని కంప్యూటర్లలో తెరుచుకోవాలంటే ఏ ఫార్మాట్ పెట్టాలి? బటన్ నొక్కే ముందు ఇవి తెలుసుకోండి

టోలిచౌకి, షేక్‌పేట్, మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగానికి వెళ్లేవాళ్లున్న ఇళ్లలో ఇప్పుడు అన్నీ ఒకే రకం కంప్యూటర్లు ఉండడం లేదు. అబ్బాయి దగ్గర ఆఫీసు ఇచ్చిన మ్యాక్‌బుక్, కాలేజీకి వెళ్లే చెల్లెలి దగ్గర విండోస్ ల్యాప్‌టాప్, హాల్లో స్మార్ట్ టీవీ, కారులో స్టీరియో. వీటన్నిటి మధ్య తిరిగేది ఒక్క పెన్‌డ్రైవే.

తేడా వచ్చేది కూడా అక్కడే. ఫొటోగ్రాఫర్ నికాహ్ వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాడు. ఆయన మ్యాక్‌లో పనిచేసేవాడైతే, ఆ డ్రైవ్‌ను ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌కి పెట్టగానే 'ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి' అని రావచ్చు. డ్రైవ్ పాడైందేమో అనుకుని చాలామంది ఆ బటన్ నొక్కేస్తారు. వీడియో పోతుంది. నిజానికి చాలాసార్లు డ్రైవ్‌కి ఏమీ కాదు, అందులో రాసిన పద్ధతి ఆ కంప్యూటర్‌కి తెలియదు, అంతే.

ఫార్మాట్ అంటే ఏమిటి?

పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకునే ఖాతా పుస్తకం లాంటిది ఒకటి ఉంటుంది. దాన్నే ఫైల్ సిస్టమ్ అంటారు. ఫార్మాట్ చేయడమంటే పాత పుస్తకం తీసేసి కొత్తది తెరవడం. పుస్తకం రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. అన్ని కంప్యూటర్లకూ అన్ని పద్ధతులూ చదవడం రాదు. ఇంట్లో వాడకానికి ఈ నాలుగు తెలిస్తే చాలు.

ఫ్యాట్32: 1996 నుంచి ఉన్న పాత పద్ధతి. విండోస్, మ్యాక్, లైనక్స్, టీవీ, కారు స్టీరియో, ఫోను దాదాపు అన్నీ దీన్ని చదువుతాయి. లోపం ఒకటే, 4 జీబీ దాటిన ఫైలు ఇందులో పట్టదు. 64 జీబీ డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా 6 జీబీ వీడియో ఒక్కటి కాపీ కాదు, 'ఫైలు చాలా పెద్దది' అని వస్తుంది.

ఎన్‌టీఎఫ్ఎస్: 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. విండోస్ కంప్యూటర్ లోపలి డిస్క్‌కి వాడేది ఇదే. మ్యాక్‌లో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి, తెరుచుకుంటాయి. కానీ విడిగా సాఫ్ట్‌వేర్ లేకుండా కొత్త ఫైలు వేయడం కుదరదు.

ఏపీఎఫ్ఎస్, మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్: ఇవి ఆపిల్ పద్ధతులు. విండోస్ వీటిని దానంతట అది చదవలేదు.

ఎక్స్‌ఫ్యాట్: మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల కోసమే తయారైన పద్ధతి. 4 జీబీ హద్దు లేదు. ఇప్పటి విండోస్, మ్యాక్ రెండూ దీన్ని చదువుతాయి, ఇందులో రాస్తాయి కూడా. 2019లో మైక్రోసాఫ్ట్ దీని వివరాలన్నీ బయటపెట్టింది. దాంతో 2020 నుంచి లైనక్స్ కెర్నల్‌లో కూడా పూర్తిగా కుదిరింది. 64 జీబీ, అంతకన్నా పెద్ద మెమరీ కార్డులు కంపెనీ నుంచే ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి.

మరి ఏది పెట్టుకోవాలి?

కంప్యూటర్ల మధ్య తిరిగే డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాట్. పాత టీవీ, కారు స్టీరియోలో వాడే డ్రైవ్‌కి ఫ్యాట్32. రెండు పనులకూ ఒకే డ్రైవ్ అని పట్టుబట్టకుండా, పాటలు, నాత్‌లు, బయాన్‌ల కోసం 16 లేదా 32 జీబీ చిన్న డ్రైవ్ ఒకటి విడిగా పెట్టుకుంటే గొడవ ఉండదు. ఎందుకంటే 32 జీబీ దాటిన డ్రైవ్‌కి చాలా విండోస్ కంప్యూటర్లు ఫార్మాట్ మెనూలో ఫ్యాట్32ని చూపించవు.

ఫార్మాట్ చేసే ముందు

డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. కాబట్టి ముందు అన్నీ వేరే చోట కాపీ చేసుకోవాలి. కాపీ అయిన ఫైళ్లలో రెండు మూడు తెరిచి కూడా చూడాలి. తర్వాత కంప్యూటర్‌కి ఉన్న మిగతా డ్రైవ్‌లు, హార్డ్ డిస్క్‌లు తీసేయాలి. ఒక డ్రైవ్ అనుకుని మరో డ్రైవ్‌ను చెరిపేసేవాళ్లు తక్కువేమీ కాదు.

విండోస్‌లో

1. 'దిస్ పీసీ' తెరిచి, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫార్మాట్' ఎంచుకోవాలి.
2. పైన కనిపించే సైజు చూసి అది పెన్‌డ్రైవేనని ఖాయం చేసుకోవాలి.
3. 'ఫైల్ సిస్టమ్' దగ్గర ఎక్స్‌ఫ్యాట్ పెట్టాలి. 'ఎలొకేషన్ యూనిట్ సైజ్' మార్చక్కర్లేదు.
4. 'వాల్యూమ్ లేబుల్' దగ్గర ఇంట్లోవాళ్లు గుర్తుపట్టే పేరు రాసి, 'క్విక్ ఫార్మాట్' టిక్ ఉంచి, 'స్టార్ట్' నొక్కాలి.

మ్యాక్‌లో

1. అప్లికేషన్స్‌లో, యుటిలిటీస్ కింద ఉండే 'డిస్క్ యుటిలిటీ' తెరవాలి.
2. 'వ్యూ' మెనూలో 'షో ఆల్ డివైసెస్' పెట్టి, ఎడమవైపు పెన్‌డ్రైవ్ పేరుల్లో అన్నిటికన్నా పైదాన్ని ఎంచుకోవాలి.
3. 'ఎరేజ్' నొక్కి, ఫార్మాట్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్, స్కీమ్ దగ్గర 'మాస్టర్ బూట్ రికార్డ్' పెట్టాలి. టీవీల్లాంటివి చదవడానికి ఈ స్కీమే మేలు.

ఉబుంటు వాడేవాళ్లు 'డిస్క్స్' అనే యాప్‌లో ఇదే పని చేసుకోవచ్చు.

మ్యాక్ నుంచి కాపీ చేసిన డ్రైవ్‌ను కారులో పెడితే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు కనిపించవచ్చు. అవి వైరస్ కాదు, మ్యాక్ తన కోసం రాసుకునేవి. ఆ డ్రైవ్‌ను విండోస్‌లో పెట్టి తీసేసినా పాటలకు ఏమీ కాదు.

'ఫార్మాట్ చేయాలి' అని వస్తే

లోపల కావాల్సిన ఫైళ్లుంటే 'క్యాన్సిల్' నొక్కాలి. మ్యాక్‌లో అయితే 'ఇగ్నోర్' లేదా 'ఎజెక్ట్'. ఆ డ్రైవ్‌ను ఇచ్చినవాళ్ల కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. అక్కడ తెరుచుకుంటే ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లోకి మార్చి ఇమ్మనాలి. పొరపాటున ఫార్మాట్ అయిపోతే ఆ డ్రైవ్‌లో ఇంకేమీ వేయకూడదు. క్విక్ ఫార్మాట్ ఖాతా పుస్తకాన్నే మారుస్తుంది, పాత ఫైళ్లు కొత్తవి వచ్చి పడేదాకా లోపలే ఉంటాయి. కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రావచ్చు. గ్యారంటీ మాత్రం లేదు.

డ్రైవ్‌ను ఇతరులకు ఇచ్చేటప్పుడు

పై మాటకే రెండో వైపు ఇది. క్విక్ ఫార్మాట్ చేసి ఇచ్చిన డ్రైవ్ నుంచి ఆధార్, పాస్‌పోర్ట్ కాపీలు, ఇంటి ఆడవాళ్ల ఫొటోలు వేరేవాళ్లు బయటికి తీయగలరు. ఇచ్చే ముందు 'క్విక్ ఫార్మాట్' టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయాలి. ఎక్కువ సేపు పడుతుంది, కానీ విండోస్ డ్రైవ్ మొత్తం మీద సున్నాలు రాస్తుంది. పెన్‌డ్రైవ్ మెమరీ పనిచేసే తీరు వల్ల దీని తర్వాత కూడా కొన్ని ముక్కలు మిగిలే వీలుంది. అందుకే ఫ్యామిలీ ఫొటోలున్న డ్రైవ్‌ను అమ్మకపోవడమే మంచిది.

ఆఫీసులో జాగ్రత్త

1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఆఫీసులు పెరుగుతూనే ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల క్లయింట్ సమాచారం బయటికి పోకుండా యూఎస్‌బీ పోర్టులు మూసేస్తారు. కొన్ని ఫ్లోర్లలోకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడమే నిషేధం. ఇంటి డ్రైవ్‌ను అడగకుండా ఆఫీసు ల్యాప్‌టాప్‌కి పెట్టడం ఉద్యోగం మీదికి తెచ్చే పని. ముందు ఐటీ విభాగాన్ని అడగాలి. కొన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లు పెన్‌డ్రైవ్‌ను బిట్‌లాకర్‌తో తాళం వేయమంటాయి. అలా వేసిన డ్రైవ్ మ్యాక్‌లో, టీవీలో మామూలుగా తెరుచుకోదు.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు జిరాక్స్ షాపులో రెజ్యూమే ప్రింట్ తీసుకుంటారు. అక్కడి కంప్యూటర్ నుంచి వైరస్ ఎక్కి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవచ్చు. ఆ పనికి ఖాళీ డ్రైవ్‌లో కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే వేసుకెళ్లి, ఇంటికొచ్చాక ఫార్మాట్ చేసేయాలి.

చివరగా

కాపీ అవుతుండగా డ్రైవ్ లాగేయకూడదు, 'ఎజెక్ట్' చేశాకే తీయాలి. 64 జీబీ డ్రైవ్ విండోస్‌లో దాదాపు 59 జీబీ అని చూపిస్తే కంగారు అక్కర్లేదు, కంపెనీ లెక్క, విండోస్ లెక్క వేరు. ఏ ఫార్మాట్ పెట్టినా పెన్‌డ్రైవ్ ఫైళ్లను మోసుకెళ్లడానికే, దాచుకోవడానికి కాదు. పెళ్లి వీడియో, అబ్బా అమ్మీల పాత ఫొటోలు, సర్టిఫికెట్లు కనీసం ఇంకో చోట కూడా ఉండాలి. అప్పుడు ఎవరైనా తెలియక ఆ బటన్ నొక్కినా ఇంట్లో ఏడుపు ఉండదు.