అమృతాంజనం సీసాలో మన సంఘం పేరు



మొన్న మన ముంబై సంఘం సమావేశంలో లేచిన మాట మీకు తెలిసిందే. సంఘం పేరులో 'ఆంధ్ర' ఉండాలా, తీసేయాలా? రాష్ట్రం రెండయ్యాక ఆ బోర్డు కింద మేమెట్లా కూర్చుంటామని కొందరు అడిగారు. తాతలు పెట్టిన పేరు ముట్టుకోవద్దని మరికొందరు పట్టుబట్టారు. మాటామాటా పెరిగి, వచ్చిన టీ కూడా తాగకుండా లేచిపోయాం. ఇంటికొచ్చి తలనొప్పికి అమృతాంజనం రాసుకుంటుంటే, మన గొడవకు జవాబులో సగం ఆ సీసాలోనే ఉందనిపించింది. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమృతం, అంజనం కలిస్తే అమృతాంజనం. అంజనం అంటే కాటుక, పూసుకునే లేపనం. పోయిన వస్తువు ఎక్కడుందో తెలుసుకోవడానికి మన పెద్దలు అంజనం వేయించేవారు కదా, అదీ ఈ మాటే. పేరు పెట్టినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. కృష్ణా జిల్లా పెసరమిల్లిలో పుట్టారు. అమృతాంజనం పుట్టింది మాత్రం కృష్ణా జిల్లాలో కాదు, మద్రాసులోనూ కాదు. 1893లో మన బొంబాయిలో.

ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తుపెట్టుకోండి. 1893 ఏప్రిల్‌లో గాంధీ అనే యువ బారిష్టరు దక్షిణాఫ్రికాకు ఓడ ఎక్కింది ఈ రేవులోనే. మే 31న వివేకానందుడు షికాగో ప్రయాణం మొదలుపెట్టిందీ ఇక్కడినుంచే. పుణెలో తిలక్ గారు వినాయకచవితిని వీధి పండుగగా మలిచిందీ ఆ ఏడాదే. వీటికీ నొప్పి మందుకూ ఏ సంబంధమూ లేదు, ఉత్త కాకతాళీయం. కానీ అదే ఊళ్ళో, అదే ఏట, పొట్టచేత పట్టుకుని వచ్చిన ఒక తెలుగాయన కూడా చరిత్రకు పనికొచ్చే పనే మొదలుపెట్టాడు.

సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి ఆ మందును జనానికి అలవాటు చేశారంటారు. మొదట్లో సీసా ధర పది అణాలు. ఆ అణాలు రూపాయలై, 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. అదీ బొంబాయి నుంచే! 1914లో మద్రాసుకు వెళ్ళి దినపత్రిక అయింది. తర్వాత భారతి మాసపత్రిక, ఆంధ్ర గ్రంథమాల. తెలుగు సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరైనా చేతులెత్తి మొక్కే ఈ పేర్ల వెనుక ఉన్నది బొంబాయి సీసా డబ్బు. ఇకమీదట ఎవరైనా "మీరు బయటి తెలుగువాళ్ళు కదా" అంటే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు 'ఆంధ్ర' దగ్గరికి వద్దాం. పంతులు గారు పత్రికకు ఆ పేరు పెట్టిన రోజుల్లో ఆ మాటకు తెలుగు అనే అర్థమే. రాష్ట్రం లేదు, సరిహద్దు లేదు. హైదరాబాదులో 1901లో పెట్టిన గ్రంథాలయం పేరు చూడండి: శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. నిజాం గడ్డ మీద మనవాళ్ళే పెట్టుకున్న పేరు అది. మన సంఘం బోర్డు మీద ఆ మాట రాసిన తాతలదీ అదే అర్థం. తర్వాత రాష్ట్రాలు వచ్చి మాట అర్థాన్ని ఇరుకు చేశాయి. కాబట్టి తాతల తప్పేమీ లేదు. ఇవాళ ఆ మాట విని నొచ్చుకుంటున్నవాళ్ళ తప్పూ లేదు.

పేర్లు ఇలా జారిపోవడం కంపెనీల్లో మామూలే. మన మహారాష్ట్రలోని అమల్నేరులో 1945లో వంటనూనెల కోసం వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ పెట్టారు. కంప్యూటర్లలోకి వెళ్ళాక నూనె వెనకబడింది, పొడి అక్షరాలు మిగిలాయి: విప్రో. మద్రాసు చెన్నై అయినా క్రికెట్ బ్యాటు మీద ఎమ్మారెఫ్‌లో మొదటి అక్షరం ఇంకా మద్రాసే. ఇంకో చోద్యం వినండి. చోళమండలం అనే మాటే పరదేశీయుల నోట పడి కోరమాండల్ అయిందని ఎక్కువమంది పండితుల మాట. ఇవాళ మురుగప్ప వారి ఒకే గొడుగు కింద అప్పులిచ్చే కంపెనీ పేరు చోళమండలం, ఎరువుల కంపెనీ పేరు కోరమాండల్. ఒకే పేరు రెండు వేషాల్లో ఒకే ఇంటికి చేరింది! గ్రోమోర్ బస్తా మోసే మన రైతుకు తాను చోళుల పేరు మోస్తున్నానని తెలుసా?

అంటే పేరు మారినా లోకం మునిగిపోదు. ఎందుకు పెట్టారో మరిచిపోతేనే నష్టం.

పంతులు గారి దగ్గర ఇంకో పాఠం కూడా ఉంది. మద్రాసులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంట్లోనే కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. అందరం ఆంధ్రులమే కదా అని సీమవాళ్ళు ఊరుకోలేదు. నీళ్ళు, విశ్వవిద్యాలయం, శాసనసభ స్థానాలు, రాజధానో హైకోర్టో ఎక్కడ, అన్నీ కాగితం మీద పెట్టమన్నారు. పెట్టారు. అయిదు నెలలు తిరగకుండా, 1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. ఒకే పేరు కింద ఉన్నంత మాత్రాన మనసులు కలవవని, వాటా కనిపించాలని ఆ ఇల్లు మనకు చెబుతోంది.

అందుకని మేము కొందరం అనుకుంటున్నది ఇది. పేరు ఏదైనా సరే, ఓటుకు పెడదాం. మారినా పాత బోర్డును హాల్లోనే ఉంచి, కింద ఆ మాట అర్థం నాలుగు లైన్లలో రాద్దాం. కార్యవర్గంలో సోలాపూర్ నేతవారి బిడ్డలకూ, పాలమూరు వలస కుటుంబాలకూ, కోస్తా వాళ్ళకూ, సీమవాళ్ళకూ ఎవరి స్థానం ఎంతో నియమావళిలోనే రాసుకుందాం. అసలు గొడవ అక్కడుంది, బోర్డు మీద కాదు.

చివరగా ఒక చిన్న సంగతి. పంతులు గారు పుట్టింది 1867 మే 1న. మహారాష్ట్ర రాష్ట్రం ఏర్పడింది 1960 మే 1న. ప్రతి ఏడూ ఆ రోజు మనం జెండా ఎగరేసి వడా పావ్ తిని ఇళ్ళకు పోతున్నాం. వచ్చే మే 1న జెండా పక్కనే పంతులు గారి పటం పెట్టి ఒక పూలదండ వేద్దామా? మొన్న తాగకుండా వదిలేసిన టీ కూడా ఆ రోజే కలిసి తాగుదాం.