స్వీడన్‌లో శరణార్థులకు ప్రైవేటు ఉపాధి సేవలు

స్వీడన్‌లో ఆశ్రయం పొందినవారికి దారి చూపే పనిలో కొంత భాగం 2010 నుంచి 2015 దాకా ప్రైవేటు సంస్థల చేతిలో ఉండేది. ఈ మార్గదర్శులను ‘ఎటాబ్లెరింగ్స్‌లోట్స్’ అనేవారు. అంతకుముందు, 1985 నుంచి, శరణార్థులను స్థిరపరిచే బాధ్యతను మునిసిపాలిటీలు మోసేవి. ఉద్యోగం దొరకడానికి ఏళ్లు పడుతోందన్న అసంతృప్తి పెరగడంతో ప్రధాని ఫ్రెడ్రిక్ రైన్‌ఫెల్ట్ ప్రభుత్వం 2010 డిసెంబరు 1న సంస్కరణ తెచ్చి, ఆ బాధ్యతను ప్రభుత్వ ఉపాధి సంస్థకు అప్పగించింది. స్వీడిష్ తరగతులు, సమాజ పరిచయం, ఉద్యోగ సన్నాహం కలిసిన రెండేళ్ల ప్రణాళికతో పాటు, నచ్చిన ప్రైవేటు మార్గదర్శిని ఎంచుకునే హక్కు కూడా శరణార్థికి దక్కింది.

ఈ ఏర్పాటు దెబ్బతిన్నది ప్రైవేటు సంస్థలు రావడం వల్ల కాదు, పోటీని నిలబెట్టిన పునాది వల్ల. సేవ బాగోలేకపోతే కొనేవాడు వేరేచోటికి పోతాడన్నది పోటీ సూత్రం. దేశంలో అప్పుడే అడుగుపెట్టిన మనిషికి భాష రాదు, ఏ సంస్థ ఎందరికి పని చూపిందో తెలియదు. అందుకే తన భాష మాట్లాడేవారినీ, తెలిసినవారు చెప్పినవారినీ ఎంచుకోవడం సహజం. సంస్థలకు ఉద్యోగం చూపినందుకూ సొమ్ము వచ్చేది గానీ, నెలనెలా నమ్మకంగా అందేది పేరు నమోదైనవారిని బట్టే. దాంతో పోటీ ఉద్యోగాల మీద కాక మనుషులను చేర్చుకోవడం మీద సాగింది. మార్గదర్శుల పని చాలావరకు ఇల్లు, కాగితాల వంటి సామాజిక సాయానికే పరిమితమైందని 2014లో జాతీయ ఆడిట్ కార్యాలయం ఎత్తిచూపింది. చేరినవారికి ల్యాప్‌టాప్‌ల వంటి కానుకలు ఎర చూపారన్న ఆరోపణలూ వచ్చాయి. 2015 ఫిబ్రవరిలో ఉపాధి సంస్థ ఈ సేవకు స్వస్తి పలికింది.

కొందరి అక్రమాలకు అందరినీ శిక్షించారని, అరబిక్, సోమాలీ తెలిసిన మార్గదర్శులు చేసిన మేలును మరిచారని అభ్యంతరం ఉంది. ఆ మేలు నిజమే. ఇల్లు కుదరనివాడు ఇంటర్వ్యూకు ఎలా సిద్ధమవుతాడు? అయితే ఆ సాయానికి ఉపాధి సేవ పేరిట డబ్బు చెల్లిస్తే, ఉద్యోగాల లెక్క అడిగే నాథుడుండడు. ప్రభుత్వ సిబ్బందే ఈ పనిని ఇంతకన్నా బాగా చేస్తారా అన్న ప్రశ్నకూ బలముంది. దానికి జవాబు పర్యవేక్షణలో ఉంది: పనిని బయటికిచ్చినా, సంస్థలను తూచే బాధ్యతను ఎంచుకునేవాడి భుజాన వేయకూడదు. 2019 జనవరిలో కుదిరిన రాజకీయ ఒప్పందం తర్వాత స్వీడన్ మళ్లీ ప్రైవేటు సంస్థల వైపే మొగ్గి, 2020లో ‘రుస్తా ఓ మాచా’ సేవను మొదలుపెట్టింది. ఈసారి సంస్థల పనితీరుకు ఉపాధి సంస్థే రేటింగు ఇస్తోంది.