చారలు ముందే కుదురుతాయి, తీపికి పరీక్ష కావాలి: పశ్చిమ ప్రకాశానికి తగిన పుచ్చ రకంపై పరిశీలన

మార్కాపురం, గిద్దలూరు వైపు వేసవి పుచ్చ అంటే బోరు నీటితో, డ్రిప్పు నమ్ముకుని తీసే పంట. గుండ్లకమ్మ నది ఏడాది పొడవునా పారదు. ఇంత ఖరీదైన నీటితో పండిన కాయను వ్యాపారి మొదట తొక్క చూసి బేరమాడతాడు. తినేవారి తీర్పు మాత్రం కోసిన తరువాతే. కంటికి నచ్చే తొక్క, నోటికి నచ్చే గుజ్జు ఒకే రకంలో తేవచ్చా? తేవచ్చు. కానీ ఆ రెండు గుణాల వారసత్వం ఒకేలా నడవదు.

తొక్క మీది గీతలు

1937లో అమెరికాలో పోర్టర్, వీట్‌మన్ వేర్వేరుగా ప్రచురించిన అధ్యయనాలు ఈ విషయానికి పునాది వేశాయి. ముదురు పచ్చ తొక్క చారల మీద, చారలు లేత పచ్చ మీద బహిర్గత లక్షణాలు. ముదురు కాయల రకాన్ని చారల రకంతో సంకరపరిస్తే మొదటి తరం కాయలన్నీ ముదురుగా ఉంటాయి. రెండో తరంలో సుమారు నాలుగో వంతు మొక్కలకు చారల కాయలు వస్తాయి. చార ఉండటం వరకు ఆ మొక్కల్లో లక్షణం అప్పటికే స్థిరపడినట్టే. చార వెడల్పు, పచ్చదనపు గాఢత వేరే జన్యువుల మీద కూడా ఆధారపడతాయి గనుక వాటికి మరికొన్ని తరాల ఎంపిక కావాలి.

ముదురు తొక్క మీద పసుపు మచ్చలుండే 'మూన్ అండ్ స్టార్స్' రకం 1926లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. కొన్ని దశాబ్దాల తరువాత అంతరించిందనుకున్నారు. 1980 ప్రాంతంలో మిస్సోరిలోని ఒక రైతు దగ్గర దొరికింది. ఆ మచ్చలు ఆకుల మీద కూడా కనిపిస్తాయి కాబట్టి కాయ పడకముందే మొక్కను ఎంచుకోవచ్చు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఈ రోజు వేరే రకం పుప్పొడి అద్దినందువల్ల ఆ కాయ తొక్క గాని, గుజ్జు గాని మారవు. రెండూ తల్లి మొక్క కణజాలమే. సంకరం ఫలితం ఆ కాయలోని గింజను నాటి, వచ్చిన మొక్క కాయను చూసినప్పుడే తెలుస్తుంది.

గుజ్జు లెక్క వేరు

గుజ్జు రంగు కొంతవరకు తొక్క దారిలోనే నడుస్తుంది. ఎరుపునిచ్చేది లైకోపీన్. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పుచ్చ గుజ్జులో సుమారు 4.5 మిల్లీగ్రాములు, పచ్చి టమాటాలో సుమారు 2.6 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే ఎర్రగా ఉన్నదల్లా తియ్యగా ఉండాలని లేదు.

తీపిని ఎన్నో జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. నీరు, ఎండ, కోత సమయం దాన్ని పైకో కిందికో జరుపుతాయి. అమెరికా ప్రమాణాల్లో రసం తీపిని సూచించే బ్రిక్స్ కొలత 8 ఉంటే మంచి గుజ్జు, 10 ఉంటే చాలా మంచి గుజ్జు. కాయ నడిబొడ్డున తీపి ఎక్కువ, తొక్క దగ్గర తక్కువ. అందుకే అన్ని కాయల్లోనూ ఒకే చోట రసం తీసి కొలవాలి. ఒక్క కాయ కొలత చూసి రకాన్ని మెచ్చుకోవడం తొందరపాటే. గుజ్జు మధ్య ఏర్పడే బోలుకు కూడా విత్తనాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం; పుప్పొడి చాలకపోయినా అది వస్తుంది.

2013లో వెలువడిన పుచ్చ జన్యుపటం 23,440 జన్యువులను గుర్తించింది. తీపి కోసం మనిషి ఎంచుకుంటూ వచ్చిన దారిలో రోగనిరోధక జన్యువులు చాలా జారిపోయాయని కూడా అది చూపింది. అడవి పుచ్చలను పనికిరానివని పారేయకూడదనడానికి ఇదే ఆధారం.

బెంగళూరు నేర్పిన పాఠం

క్యాన్సస్‌లో చార్లెస్ హాల్ 1963లో విడుదల చేసిన 'క్రిమ్సన్ స్వీట్' చారల తొక్కకు, తీపికి పేరుపడింది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ దాన్ని తన ఐఐహెచ్ఆర్-21తో సంకరపరిచి 'అర్క మాణిక్'ను రూపొందించింది. బూడిద తెగులు, బూజు తెగులు, ఆంత్రాక్నోస్‌లను తట్టుకోవడం దాని ప్రత్యేకత. పేరున్న గుజ్జుకు నిరోధకతను జోడించడమే అక్కడ జరిగింది. అయినా బెంగళూరు చల్లదనంలో వచ్చిన ఫలితం మార్కాపురం ఎండలో అలాగే వస్తుందని ముందే చెప్పలేం. తామర పురుగుల ద్వారా వ్యాపించే మొవ్వుకుళ్ళు వైరస్ దక్షిణాది పుచ్చకు పెద్ద శత్రువు. దాన్ని లెక్కలోకి తీసుకోని ఎంపిక అసంపూర్ణం.

మన పొలాల్లో చేయవలసింది

రెండో తరంలోనే తొక్కను బట్టి మొక్కలను వడపోయవచ్చు. మిగిలిన వాటి సంతతిని కనీసం రెండు వేసవులు, మూడేసి మడుల్లో, ఒకే నీటి తడితో, అర్క మాణిక్ పక్కన పెంచి గుజ్జును పోల్చాలి. సంకరం చేసేటప్పుడు ముందు సాయంత్రమే మొగ్గలకు కాగితం సంచి తొడగాలి. పువ్వు ఒక్క రోజే ఉంటుంది కనుక మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. ఆడ పువ్వులో కేసరాలుంటే ముందే తీసేయాలి. హైబ్రిడ్ కాయ గింజలు దాచి వేస్తే గుణాలు చెదిరిపోతాయి. అది ఎంపికకు ముడిసరుకు కావచ్చు గాని, పంటకు విత్తనం కాదు.

చారలను కన్ను చెబుతుంది, తీపిని కొలత చెప్పాలి. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం, రైతులు కలిసి గిద్దలూరు, మార్కాపురం బోరు నీటి మడుల్లోనే ఈ పోలిక మొదలుపెట్టాలి. అందమైన తొక్క చూపి విత్తనం అమ్మేవారిని రైతు ముందుగా అడగవలసింది ఈ నేలలో, ఈ ఎండలో కొలిచిన బ్రిక్స్ ఎంత అన్నదే.