అరబ్బీ గుర్రం, దక్కనీ టట్టు

మన ఇళ్ళల్లో గుర్రం మాట వస్తే చాలు, పెద్దలు "అరబ్బీ గుర్రం" అనేస్తారు. పెళ్ళికొడుకు ఎక్కిన తెల్లగుర్రం అరబ్బీ, పాత పటంలో నవాబుగారు ఎక్కినదీ అరబ్బీ, ఆఖరికి జట్కాకు కట్టినది కాస్త పొగరుగా ఉంటే అదీ అరబ్బీయే. పేరు మీద గౌరవం కొద్దీ అనే మాట కాబట్టి తప్పుపట్టనక్కర లేదు గాని, చరిత్ర తిరగేస్తే మన నేలకు వచ్చిన గుర్రాలు ఎన్నో జాతులు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి వచ్చింది. ఏది గొప్పది అన్న ప్రశ్నకు జాతి ఒక్కటే జవాబు కాదనీ, మేతా, సాకే చెయ్యీ కూడా లెక్కలోకి వస్తాయనీ పాత రాతలు చూసిన మాకు తోచింది. ఆ సంగతులే చదువరుల ముందు పెడుతున్నాము.

ముందు అరబ్బీ సంగతే చూద్దాం. దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ముఖం మధ్యలో కొంచెం లోపలికి వంగి ఉంటుంది. కళ్ళు పెద్దవి, ముక్కుపుటాలు వెడల్పు, వీపు పొట్టి. పరుగెత్తేటప్పుడు తోక పైకెత్తి జెండాలా పట్టుకుంటుంది. మామూలు గుర్రానికి పక్కటెముకలు 18 జతలైతే చాలా అరబ్బీలకు 17 జతలే, నడుము పూసలు కూడా ఆరుకు బదులు అయిదే. ఎత్తు మరీ ఎక్కువేమీ కాదు, 14, 15 చేతులు (ఒక చెయ్యి అంటే ఇక్కడ నాలుగు అంగుళాలు). ఎడారిలో తక్కువ మేతతో, తక్కువ నీళ్ళతో చాలా దూరం పోగలగడం దీని అసలు గుణం. బద్దూలు దీని వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కపెట్టేవారు. దాడికి పోయేటప్పుడు మగగుర్రం కంటే ఆడగుర్రాన్నే నమ్మేవారు.

మరి యుద్ధానికి అందరూ అరబ్బీనే కోరారా అంటే, లేదు. 1333లో మన దేశం చేరిన ఇబ్న్ బతూతా ఈ సంగతి బాగా గమనించాడు. ఉత్తరాన కిప్చాక్ మైదానాల్లో తుర్కీ గుర్రాలు మందలు మందలుగా ఉండేవి, అక్కడ చాలా చవక. వర్తకులు వాటిని వేల సంఖ్యలో సింధు దాటించి, దారిలో చచ్చినవి చావగా మిగిలినవాటిని మంచి లాభానికి అమ్మేవారు. హిందూస్థాన్ వాళ్ళు వాటిని పరుగు కోసం కొనరట. రౌతు ఇనుప చొక్కా తొడుక్కుంటాడు, గుర్రానికి కూడా కవచం వేస్తారు. అంత బరువు మోసే బలమూ, బారైన అడుగూ కావాలి. పందెపు పరుగుకు మాత్రం యెమన్, ఒమన్, ఫార్స్ గుర్రాలను వెయ్యి నుంచి నాలుగు వేల దీనారాల దాకా పెట్టి కొనేవారు. అంటే కొనేవాడు పేరుకు కాదు, పనికి డబ్బిచ్చాడన్నమాట.

అక్బరు కాలానికి ఇది కచేరీ లెక్కగా మారింది. అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో గుర్రాలను ఏడు తరగతులు చేశాడు: అరబ్బీ, ఇరాకీ, ముజన్నస్, తుర్కీ, యాబూ, తాజీ, జంగ్లా. ముజన్నస్ ఇరాకీని పోలిన మిశ్రమ జాతి. యాబూ తుర్కీకీ, తక్కువ జాతికీ పుట్టినది. తాజీ, జంగ్లా దేశవాళీలు. వాటికంటే కిందిది టట్టు, మన తెలుగులో తట్టువ. మొదట నిర్ణయించిన నెల ఖర్చు అరబ్బీకి 720 దాములైతే జంగ్లాకు 240. నలభై దాములు ఒక రూపాయి కనుక ఒకదానికి పద్దెనిమిది రూపాయలు, ఇంకొకదానికి ఆరు. అయినా అదే అబుల్ ఫజల్ కచ్ గుర్రాలు అరబ్బీలకు తీసిపోవని మెచ్చుకున్నాడు. వెనక ఎప్పుడో అరబ్బు ఓడ ఒకటి గాలికి కొట్టుకుపోయి కచ్ ఒడ్డుకు చేరిందనీ, అందులోని ఏడు మేలుగుర్రాల సంతానమే ఇవనీ అప్పటికే చెప్పుకునేవారట. మంచి గుర్రం కనిపిస్తే దానికి అరబ్బు తాత ఉండి తీరాలన్న అలవాటు అంత పాతది!

ఇక మన దక్షిణాదికి వద్దాం. ఇక్కడికి గుర్రం ముఖ్యంగా ఓడ మీద వచ్చింది. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. పూర్వపు రాజులు ఓడలు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో మాట ఇచ్చాడు. తమిళ తీరాన కాయల్ వంటి రేవులలో బేరం ఇంకా పెద్దది. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఏటా పదివేల గుర్రాలు, తల ఒక్కింటికి 220 దీనారాలు అని రాశాడు. లెక్క వేసుకుంటే 22 లక్షల దీనారాలు!

ఏటా అన్ని గుర్రాలు ఎందుకు? దీనికి జవాబు మార్కోపోలో ఇచ్చాడు. 13వ శతాబ్దం చివర ఆ తీరం చూసిన అతని మాటల ప్రకారం రాజు ఏడాదికి రెండు వేల పైచిలుకు గుర్రాలు కొంటే, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగిలేవి కావు. సాకే తీరు తెలియదు, వైద్యుడు లేడు, లాడం కొట్టే నాలుబందు లేడు. గుర్రాలు అమ్మే వర్తకులు అటువంటి పనివాళ్ళను ఇటు రానిచ్చేవారు కారట, బేరం పోతుందని. మేతగా అన్నమూ, మాంసమూ ఉడికించి పెట్టేవారట! గట్టి వంశపు గుర్రానికి కూడా కాళ్ళు వంకర తిరిగిన పిల్ల పుట్టేదని రాశాడు. వర్తకుడి మాట కాబట్టి కొంత తగ్గించి చదువుకోవచ్చు గాని, పూర్తిగా కొట్టిపారెయ్యలేము.

విజయనగరం నాటికి కూడా ఈ ఆత్రం తగ్గలేదు. సాళువ నరసింహుడు గుర్రం బతికున్నా చచ్చినా డబ్బిచ్చేవాడనీ, సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపితే చాలుననీ పోర్చుగీసు వాడు నూనిజ్ రాశాడు. 1510లో గోవా, 1515లో హోర్ముజ్ పోర్చుగీసుల చేతికి పోయాక గుర్రం ఎవరికి అమ్మాలో వాళ్ళే శాసించారు. దక్కను సుల్తానులూ, విజయనగర రాయలూ ఇద్దరూ అదే గుమ్మం ముందు నిలబడవలసి వచ్చింది.

అయితే విద్య రాలేదని కాదు. సంస్కృతంలోని శాలిహోత్ర శాస్త్రాన్ని బహమనీల కాలంలో గుల్బర్గాలో అబ్దుల్లా బిన్ సఫీ పారశీకంలోకి మార్చాడు. తెలుగులో మనుమంచిభట్టు అశ్వశాస్త్రం చెప్పాడు. ఆ శాలిహోత్రుడి పేరే ఉర్దూలో సాలోత్రీ అయి, గుర్రాల వైద్యుడికి పేరుగా నిలిచింది. అటు నుంచి మన తెలుగులోకి జీను, రికాబు, లగాము, సవారీ వచ్చాయి. కళ్లెం, పంచకళ్యాణి మనవే. లాయంలో భాషలు ఎప్పుడూ కొట్టుకోలేదు!

ఇక దేశవాళీలు. మార్వాడీ గుర్రం చెవులు లోపలికి వంగి కొసలు తగిలేటట్టు ఉంటాయి. ఎటు కావాలంటే అటు తిప్పుతుంది. రేవాల్ అనే దాని నడకలో సవారీ చేసేవాడికి కుదుపు తెలియదు. కాఠియావాడీ చెవులూ అంతే, ముఖం మాత్రం అరబ్బీని తలపిస్తుంది. మణిపురీ పొట్టిది, పోలో ఆటకు పుట్టినది. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ ఇంగ్లండులో తయారైన జాతి. దాని మూలపురుషులైన మూడు పోతుగుర్రాలూ తూర్పు నుంచి వెళ్ళినవే. వాటిలో ఒకటి 1704లో అలెప్పో నుంచి పోయింది.

మాకు ఎక్కువ ఇష్టమైనది దక్కనీ టట్టు, భీమానది లోయలోది కనుక భీమ్‌థడీ అని పేరు. ఎత్తు తక్కువ, రూపం సాదా, గట్టి డెక్క. మరాఠా రౌతులు దీని మీదనే రాళ్ళ కనుమలు దాటి, మొగలుల పెద్ద గుర్రాలకు అందకుండా తప్పించుకున్నారు. ఆ తర్వాత రాజులు పోయారు, దండు పోయింది, ఈ జాతి అంతరించిందని చాలామంది అనుకున్నారు. కాని ఎండాకాలం గొర్రెలతో ఊరూరా తిరిగే ధన్‌గర్లు గిన్నెలూ, గొంగళ్ళూ, కోళ్ళూ, పసిపిల్లలనూ దీని వీపు మీదనే వేసుకు తిరుగుతూ ఉండిపోయారు. జాతి పేరు అడిగినవాళ్ళు లేరు, రాసినవాళ్ళు లేరు. 2024 జనవరిలో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ భీమ్‌థడీని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. మన పల్నాటి మాచెర్ల గొర్రె కూడా అదే జాబితాలో చేరింది.