జీపు తారీఖ్

మా భాంజా ఏర్పేడులో ఉంటాడు. వెంకటగిరి పోయే రోడ్డు పక్కన మామిడి తోట గుత్తకు తీసుకున్నాడు. గట్టిగా వాన పడితే ఆ తోటకు ట్రాక్టరు తప్ప ఏదీ పోదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి చుట్టుపక్కల రోడ్లు తెగిపోయినప్పటి నుంచి అతనికి ఒకటే జిద్దు, పాత ఫోర్ వీల్ జీపు కొనాలని. మొన్న ఫోన్ చేసి, "మామూ, ఏ సాల్ మోడల్ అయితే భరోసాగా కొనొచ్చు?" అని అడిగాడు. చేతిలో ఉన్న రఖమ్ రెండు కాపుల కమాయి. అది చాలకపోతే మా ఆపా గాజులు బ్యాంకుకు పోతాయి. అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఫోన్ పెట్టేయలేదు.

ఉర్దూలో తారీఖ్ అనే లఫ్జ్‌కు రెండు మతలబులు. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. తెలుగులోకి వచ్చి తారీఖు అయ్యేసరికి తేదీ ఒక్కటే మిగిలింది. జీపు కొనేవాళ్లు ఆర్‌సీలో తారీఖు చూస్తారు. నేను రెండో మతలబు నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే మన ముల్క్‌లో చాలా కాలం జీపుకు మోడల్ సాల్ అనేది పేరుకే ఉండింది.

జీపు జంగ్‌లో పుట్టింది. 1941 నుంచి 1945 దాకా అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజను, 60 గుర్రాల తాఖత్. జంగ్ ముగిశాక ఇక్కడ మిగిలిన ఫౌజీ బండ్లు వేలంలో జనం చేతికి వచ్చాయి. పాత మిస్త్రీలు వాటిని డిస్పోజల్ జీపులంటారు. అమెరికాలో విల్లీస్ వాళ్లు మామూలు జనం కోసం 1945లో సీజే-2ఏ, 1949లో సీజే-3ఏ, 1953లో సీజే-3బీ అని మారుస్తూ పోయారు. మూడోదానిలో పెట్టిన హరికేన్ ఇంజను ఎత్తు ఎక్కువ. అది పట్టడానికి బానెట్టును పైకి లేపారు. మనం చిన్నప్పుడు తహసీల్దారు ఆఫీసు ముందర, పోలీస్ స్టేషన్ ముందర చూసిన ఎత్తు బానెట్టు జీపు ఆ 1953 నాటి సూరతే. అమెరికాలో దాన్ని 1968లో ఆపేశారు. మన దగ్గర ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అదే నమూనా నడిచింది. అమెరికాలో సాల్ అడిగితే బండి ఏదో తెలుస్తుంది. ఇక్కడ 1965 జీపు, 1980 జీపు పక్కపక్కన పెడితే రంగు తప్ప తేడా కనిపెట్టడం కష్టం.

ఆ జీపును ఇక్కడికి తెచ్చిన కంపెనీ సంగతి మన ఇళ్లల్లో పిల్లలకు తెలియాలి. 1945 అక్టోబరు 2న మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, వాళ్లతో మాలిక్ గులాం ముహమ్మద్. ఈయన అలీగఢ్‌లో చదివారు, హైదరాబాద్ నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూశారు. మొదట్లో కంపెనీది ఉక్కు తిజారత్. 1947 అక్టోబరులో విడిభాగాలుగా తెప్పించిన 75 విల్లీస్ జీపులతో బండ్ల పని మొదలైంది. అప్పటికే తక్సీమ్ జరిగిపోయింది. గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. అక్కడ ఆయన రాజ్యాంగ సభను రద్దు చేసిన కథ వేరే, అది నాకు నచ్చే కథ కూడా కాదు. 1948లో కంపెనీ పేరులో ముహమ్మద్ పోయి రెండో మహీంద్రా వచ్చింది. రెండు ఎమ్‌లతో కాగితాలు ముందే అచ్చయి ఉన్నాయి కాబట్టి పని సులువైందని ఒక ఖిస్సా చెప్పుకుంటారు. పేరు పోయినా ఆ బండ్ల కింద పడుకుని నూనె మరకలతో లేచిన మన మిస్త్రీలు పోలేదు. రాయలసీమలో ఏ బస్తీకి పోయినా జీపు షెడ్డులో ఒక ఉస్తాద్, ఇద్దరు షాగిర్దులు, వాళ్లలో చాలామంది మనవాళ్లు. ఆ హునర్ ఏ కితాబులోనూ రాసి లేదు.

మన జీపులో అసలు తబ్దీలీ ఇంజనుతో వచ్చింది. 1973లో అరబ్బుల చమురు సంక్షోభంతో పెట్రోల్ ధర మండిపోయింది. మహీంద్రా వాళ్లు అప్పటికే ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు చేస్తున్నారు. ఆ ట్రాక్టరు డీజిల్ ఇంజనునే జీపులో కూర్చోబెట్టారు. మోత ఎక్కువ, వణుకు ఎక్కువ, పరుగు తక్కువ. కానీ బరువు లాగడంలో దానిది మొండి పట్టు. 1979లో ఫ్రాన్స్‌కు చెందిన పెజో కంపెనీ దగ్గర ఎక్స్‌డీపీ 4.90 అనే డీజిల్ ఇంజనుకు లైసెన్సు తీసుకున్నారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 90 మిల్లీమీటర్ల వెడల్పు, అదే ఆ పేరులోని లెక్క. ఎమ్ఎమ్ 540 జీపుకు పేరు తెచ్చింది ఈ ఇంజనే. నడక మెత్తన, పరుగు బాగు.

నా రాయి ఏమిటంటే, తోట పనికి పెజో కన్నా ట్రాక్టరు ఖాందాన్ ఇంజనే నయం. ఆ ఖాందాన్ తర్వాత బొలెరో డీఐలో, థార్ డీఐలో కూడా నడిచింది. సామాను శ్రీకాళహస్తిలో దొరక్కపోతే తిరుపతిలో దొరుకుతుంది. పెజో ఇంజను మంచిదే, పంపు దెబ్బతింటే మాత్రం సామాను కోసం ఊర్లు తిరగాలి. 540లో ఈ సాల్ గొప్ప, ఆ సాల్ తక్కువ అని ఎవరైనా కసమ్ వేసి చెబితే నేను నమ్మను. ముప్ఫై ఏళ్ల బండిలో కంపెనీ పెట్టిన సామాను ఎంత మిగిలి ఉంటుంది?

ఇంకో ధోకా ఉంది. జీపు సూరత్ ఉన్నదల్లా ఫోర్ వీల్ కాదు. మన పల్లెల్లో టాపు మీద కూడా జనాన్ని ఎక్కించుకుని తిరిగిన సర్వీసు కమాండర్లలో చాలావరకు వెనక చక్రాలతో నడిచేవే. కింద వంగి చూడండి. ముందు చక్రాల మధ్య గుండ్రటి ఇనుప డబ్బా, దానిలోకి వచ్చే షాఫ్టు ఉండాలి. ఉన్నా చాలదు, లోపల పళ్లు అరిగిపోయి ఉండొచ్చు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి చూపిస్తే ఏమీ తేలదు, పైగా గేర్లకు నష్టం. స్వర్ణముఖి ఇసుకలో దించి, లో గేరు వేసి లాగించి చూడాలి.

"1942 విల్లీస్" అని చెప్పి అమ్మే షౌకీన్లూ ఉన్నారు. ఆ కాలపు ఫౌజీ జీపుల్లో ముందు గ్రిల్లుకు తొమ్మిది చీలికలు ఎక్కువ, సివిల్ సీజేలకు ఏడు. రేకు మార్చడం పెద్ద పని కాదు కాబట్టి లెక్క కలిసినంత మాత్రాన సంబరపడొద్దు.

పెట్రోల్ బండి కావాలంటే మారుతి జిప్సీ. 1985 చివర్లో వచ్చింది, ఒక లీటరు లోపు ఇంజను. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ వచ్చింది, 2000లో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఇక్కడ సాల్‌కు నిజంగా మతలబు ఉంది, 2000 తర్వాతిదే చూడాలి. ఫౌజు వేలంలో వచ్చిన జిప్సీ అయితే ఆర్‌సీలో సివిల్ రిజిస్ట్రేషన్ తారీఖు కాకుండా తయారైన సాల్ ఏదో చూసుకోండి. బండి అసలు ఉమర్ అదే.

థార్‌లో కూడా సాల్ పని చేస్తుంది. 2010లో వచ్చిన పాత థార్‌లో సీఆర్‌డీఈ ఇంజను 105 గుర్రాలది. 2015లో మార్పులు చేసినప్పుడు వెనక యాక్సిల్‌కు లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఇచ్చారు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే రెండోదానికి తాఖత్ పంపేది అదే. 2020లో పూర్తిగా కొత్త థార్ వచ్చేసింది. కాబట్టి పాతదానిలో 2015 నుంచి 2019 దాకా ఉన్నవి నా మొదటి పసంద్. ఒక్క మాట, సీఆర్‌డీఈకి కంప్యూటర్ పెట్టి చూసే మెకానిక్ కావాలి. పానా, సుత్తి ఉస్తాద్‌తో కాదు. రఖమ్ అంతవరకు చేరకపోతే ట్రాక్టరు ఖాందాన్ ఇంజనున్న ఫోర్ వీల్ జీపు చూడమని భాంజాకు చెప్పాను.

కాగితాల దగ్గర మాత్రం తారీఖు కూడా చూడాల్సిందే. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూసి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. సర్కారీ ఆఫీసుల్లో నడిచిన జీపులకు 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటితే రెన్యువల్ లేదు, తుక్కుకే పోవాలి. అలాంటిది చవకగా వస్తోందంటే దూరంగా ఉండండి. పెట్రోల్ తీసి డీజిల్ ఇంజను బిగించిన జీపులు మన వైపు చాలా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు గుడ్డతో తుడిచి మీ కళ్లతో చదివి, ఆర్‌సీతో అంకె అంకె కలిపి చూసుకోండి. కలవకపోతే అమ్మేవాడు సొంత రిష్తేదారే అయినా బయానా ఇవ్వొద్దు.