‘ది లిటిల్ ఫ్రెండ్’ నవల: కుటుంబస్మృతియు సాక్ష్యమును

డొన్నా టార్ట్ రచించిన ‘ది లిటిల్ ఫ్రెండ్’ అను నవల 2002లో వెలువడినది. ఇందలి కథ అమెరికా దక్షిణభాగమందలి మిసిసిపీ రాష్ట్రమున జరిగినది. మాతృదినమునాడు తొమ్మిదేండ్ల రాబిన్ తన యింటి యావరణలోని చెట్టున ఉరివేయబడి కానవచ్చెను. హంతకుడెవడో తేలలేదు. కోల్పోయిన ‘ట్రిబ్యులేషన్’ అను పూర్వగృహవైభవమును పదేపదే కథలుగా జెప్పుకొను ఆ కుటుంబము ఈ మరణమును గూర్చి మాత్రము మౌనము వహించినది. ఆ మౌనమున బెరిగిన చెల్లెలు హారియెట్, పండ్రెండేండ్ల పిమ్మట, స్వల్పమైన యాధారముతో డానీ రాట్లిఫ్ అనువానిని దోషిగా నిశ్చయించి పగదీర్చుకొన బూనినది. నవల ముగిసినను హత్యారహస్యము వీడదు. ఆమె నిశ్చయము మాత్రము సడలును. సాక్ష్యము కొఱవడినచోట కోరికయే సాక్ష్యముగా జెలామణి యగునని దీనివలన దెలియుచున్నది. కావున వంశచరిత్రలను శోధించువారు చెప్పబడిన కథలతోబాటు చెప్పబడని వానిని గూడ గుర్తింపవలెననియు, ఆ కొఱతను ఊహతో బూరింపరాదనియు మా యభిప్రాయము.