ట్యూబులో మబ్బు

1981లో ల్యాబ్‌లో చేరిన రోజున మా సీనియర్ టెక్నీషియన్ గారు నాకు మొట్టమొదట నేర్పింది మూత్రం కాచడం. టెస్ట్ ట్యూబు ముప్పాతిక వరకు నింపి, అడుగున పట్టుకుని, పైభాగానికి మాత్రమే స్పిరిట్ దీపం సెగ తగలనివ్వాలి. మబ్బు కడితే రెండు మూడు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వెయ్యాలి. విడిపోతే ఫాస్ఫేటు, నిలిచిపోతే ఆల్బుమిన్. పలచగా ఉంటే ఒక ప్లస్, పెరుగులా గడ్డకడితే నాలుగు. గర్భిణీల ఓపీ ఉన్న రోజు మధ్యాహ్నం దాకా నా ముందు ఆ ట్యూబుల వరసే.

ఆ పని ఎంత పాతదో చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. లండన్ గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంట మీద చూసేవాడు. ఒళ్లు వాచడానికీ ఆల్బుమిన్‌కీ మూత్రపిండాల జబ్బుకీ ముడి ఉందని 1827లో రాశాడు. అదే ఆసుపత్రిలో 1843లో జాన్ లీవర్, ఫిట్స్ వచ్చిన గర్భిణీల మూత్రం కాచి అదే మబ్బు చూశాడు. మా వైపు పెద్దవాళ్లు గుర్రపువాతం అనే జబ్బు అది. నా ఉద్యోగమంతా వెంటాడిన చిక్కు అక్కడే పుట్టింది. మబ్బు ఒకటే, కారణాలు వేరు.

ఆ కారణాల్లో లూపస్ ఒకటి. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. ముఖం మీది పుండు తోడేలు కొరికినట్టుందని పాత వైద్యులు పెట్టిన పేరు. ఒంటిని కాపాడవలసిన ప్రతిరక్షకాలే ఒంటి మీద తిరగబడే జబ్బు ఇది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం ఎల్‌ఈ కణాన్ని గుర్తించాక ఈ జబ్బుకు ఒక పరీక్ష దొరికింది. నేనూ చేశాను. గడ్డకట్టిన రక్తాన్ని జల్లెడ మీద మెదిపి, స్లైడుకు రంగు వేసి, ఏదో నున్నటి ఊదారంగు ముద్దను మింగి ఉబ్బిన తెల్లకణం కోసం గంటసేపు వెతికేదాన్ని. కనిపిస్తే సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు. ఎందుకంటే ఆ రిపోర్టు వెనకాల పెళ్లయిన అమ్మాయికి ఒకే మాట వచ్చేది: పిల్లలు వద్దు. నెల తప్పినా తీయించుకో.

ఆ మాట డాక్టర్ల కాఠిన్యం కాదు. మూత్రపిండాలు పాడైన తల్లులు పోవడం, కడుపులోనే బిడ్డలు పోవడం వాళ్లు కళ్లారా చూశారు. జబ్బు ఏ దశలో ఉందో తెలిసే దారి కూడా మొదట్లో లేదు. 1951లో కోపెన్‌హాగన్‌లో ఐవర్సన్, బ్రూన్ సూదితో మూత్రపిండం ముక్క తీసే పద్ధతిని ప్రకటించాకే లోపలి నష్టాన్ని ఒక్కో రోగిలో విడిగా చూడగలిగారు.

ఇంకో గాయం సంగతి రాయకుండా ఉండలేను. గర్భిణీలందరికీ సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందేమోనని వీడీఆర్ఎల్ పరీక్ష చేస్తాం. దాంట్లో వాడేది ఎద్దు గుండె నుంచి తీసిన కార్డియోలిపిన్ అనే కొవ్వు. లూపస్ ఉన్న కొందరి రక్తంలో ఆ కొవ్వుకు ఎదురు తిరిగే ప్రతిరక్షకాలు ఉంటాయి. ఏ పాపం ఎరగకపోయినా పరీక్ష పాజిటివ్ వస్తుంది. ఇది తప్పుడు పాజిటివ్ కావచ్చని 1952లోనే మూర్, మోర్ రాశారు. అయినా ముప్పై ఏళ్ల తర్వాత నేను రాసిచ్చిన రిపోర్టు చూసి ఒక ఆసుపత్రిలో ఒకామెను అందరి ముందూ నిలదీశారు. అత్తగారు ఆ సాయంత్రమే పుట్టింటికి పంపేసింది. ఆమెకు అంతకుముందే మూడు గర్భాలు పోయాయి. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ ఆ ప్రతిరక్షకాలకూ, రక్తం గడ్డకట్టడానికీ, గర్భాలు పోవడానికీ ఉన్న లంకె చూపించాడు. ఆ సంగతి మా ల్యాబ్‌కు చేరేసరికి ఆమె ఎక్కడుందో నాకు తెలియదు. అలాంటి తల్లులు 90 మందితో 1997లో లండన్‌లో ఒక మందుల ప్రయోగం జరిగింది. ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 42 శాతానికి, హెపారిన్ కూడా కలిపినవారిలో 71 శాతానికి బతికిన బిడ్డ పుట్టింది.

లూపస్ ఉన్న గర్భిణికి ఏడో నెలలో బీపీ పెరిగి, కాళ్లకు నీరు పట్టి, ట్యూబులో మబ్బు కడితే అది లూపసా, గుర్రపువాతమా? లూపస్ అయితే స్టెరాయిడ్ పెంచాలి. గుర్రపువాతం ముదిరితే బిడ్డను బయటికి తీయాలి. పొరపడితే ఇద్దరికీ ప్రమాదం. అందుకే డ్యూటీ డాక్టరమ్మ నా బల్ల దగ్గరే నిలబడి డిపాజిట్ చూడమనేది. మూత్రాన్ని తిప్పి అడుగున దిగినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఎర్రకణాలు అతుక్కుపోయిన కాస్ట్‌లు, అంటే మూత్రపిండపు గొట్టాల అచ్చులు, ఉన్నాయేమో వెతకాలి. ఉంటే మూత్రపిండమే మండుతోందన్నమాట. తర్వాత సీ3, సీ4, డీఎస్-డీఎన్‌ఏ అనే రక్తపరీక్షలు వచ్చాయి. మామూలు గర్భంలో సీ3 పెరుగుతుంది, లూపస్ విజృంభిస్తే పడిపోతుంది. అయినా లూపస్, గుర్రపువాతం రెండూ కలిసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు కాగితం మీది అంకెలన్నీ కలిపినా ఒక అనుభవజ్ఞురాలి చూపుకు సాటిరావు.

"వద్దు" అన్న మాట మెల్లగా "ఆగు" అయింది. కనీసం ఆరు నెలలు జబ్బు అణిగి ఉండాలి, మూత్రంలో ప్రొటీన్ రోజుకు అర గ్రాముకు లోపు ఉండాలి, మందులు ముందే మార్చుకోవాలి. మైకోఫెనొలేట్ మానేసి అజాథయోప్రిన్‌కు రావాలి. ప్రెడ్నిసొలోన్‌ను మాయ చాలావరకు విరిచేస్తుంది, బిడ్డకు చేరేది తక్కువ. మలేరియా మందైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఒకప్పుడు నెల తప్పగానే ఆపించేవాళ్లం. ఆపితేనే జబ్బు తిరగబెడుతుందని తెలిశాక ఇప్పుడు కొనసాగించమంటున్నారు. మెథోట్రెక్సేట్ మాత్రం నెలల ముందే ఆపాలి, ఫోలిక్ యాసిడ్ తప్పక వేసుకోవాలి. ఈ రెండు మందుల పుట్టుకలోనూ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి చెయ్యి ఉంది. ఆ మాట రోగులకు చెప్పినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోయేది.

2015లో అమెరికా, కెనడాలలో 385 మంది లూపస్ తల్లుల లెక్క వచ్చింది. 81 శాతం మందికి పెద్ద ఇబ్బందేమీ రాలేదు. అయితే వాళ్లందరిలో జబ్బు అణిగి గానీ, తీవ్రం కాకుండా నిలకడగా గానీ ఉంది, ప్రొటీన్ ఎక్కువ పోతున్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. ఈ రెండో మాట వదిలేసి మొదటిదే చెప్పడం అన్యాయం.

నేను రిటైరయ్యే ముందు ఒక టీచరమ్మ వచ్చేది. రెండేళ్లు ఆగి, డాక్టరు సరేనన్నాకే నీళ్లు పోసుకుంది. ప్రతి రెండు వారాలకూ సీసా నా చేతికే ఇచ్చి, "ఎంతండీ?" అని అడిగేది. ప్లస్‌లు చెబితే ఒప్పుకునేది కాదు, అంకె కావాలి. ముప్పై నాలుగో వారంలో అంకె ఒక్కసారిగా పెరిగింది. కాస్ట్‌లు లేవు, సీ3 పడలేదు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలో తొమ్మిదివందలు. మూడు నెలల తర్వాత పిల్లను భుజాన వేసుకుని మళ్లీ సీసా తెచ్చింది. మెషీన్ అంకె ఇచ్చింది. అయినా నేను అలమరలోంచి స్పిరిట్ దీపం తీసి, వెలిగించి, ట్యూబు పైభాగం కాచాను. యాసిడ్ చుక్కలు వేశాక కూడా ఒక సన్నటి పొర మిగిలింది. ఒక ప్లస్‌కు తక్కువే. "వచ్చే నెల మళ్లీ తెండి" అన్నాను.